ఆరుగురిలో ఆవిడ గొంతు

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉంది. అది జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. పత్రికాఫీసులో గేటు దగ్గర కూర్చునే మనిషి నుంచి అచ్చు యంత్రం నడిపేవాళ్ళ దాకా అందరికీ ఆయన పర్వాలేదుగారు. మొదట్లో చాటుగా అనేవాళ్ళు. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి అది నిజంగానే ఇంటిపేరనుకుని, "నమస్కారం పర్వాలేదుగారూ" అని ఎదురుగా పలకరించింది. ఆయన కూడా ఏదో ఆలోచనలో ఉండి "నమస్కారమమ్మా" అనేశారు. అంతే, పేరు ఖాయమైపోయింది.

ఎందుకొచ్చిందయ్యా ఆ పేరంటే, ఆయన సినిమా సమీక్షలు రాస్తారు. ఏ సినిమా చూసినా ఆయన కలంలోంచి రాలే తీర్పు అదొక్కటే. కథ పర్వాలేదు. పాటలు పర్వాలేదు. మొదటి సగం పర్వాలేదు, రెండో సగం ఓపికుంటే పర్వాలేదు. ఒక సినిమాకి జనం ఒళ్ళుమండి కుర్చీలు విరగ్గొడితే, ఈయన 'కుర్చీలు పర్వాలేదు' అని రాశారని గిట్టనివాళ్ళు పుట్టించారు. నిజమేనా అని అడిగితే, "రాయలేదు, రాసుంటే బాగుండేది" అంటారు. తన మీద తను ఆ మాత్రం నవ్వుకోగలరు పాపం.

సమీక్షకుడనగానే అదేదో పెద్ద హోదా అనుకునేరు. ఆయన అసలు పని వాతావరణం, కూరగాయల ధరలు, ఏ వీధిలో ఎప్పుడు కరెంటు పోతుందో చెప్పే పేజీ. సినిమాలు దాని మీద అదనం. అందులోనూ పేరున్న తారలవి, నేరుగా తెలుగులో తీసినవి ఆఫీసులో ఉన్న పెద్ద సమీక్షకుడికి వెళ్తాయి. డబ్బింగువి ఈయనకు మిగులుతాయి. చుట్టాలొస్తే మంచం వాళ్ళకిచ్చి మనం చాప పరుచుకుంటాం చూడండి, అలాంటి వాటా. ఆ చాప కూడా టొమాటో ధరకీ రేపటి ఎండకీ మధ్య ఎక్కడో ఇరుకులో పరుస్తారు.

ఇక ఉల్కాదళం సంగతి. బొమ్మల పుస్తకాల్లోంచి తీసిన సినిమాల వరస అది. ఆకాశంలోంచి ఉల్కలు రాలుతుంటే కింద నిలబడ్డ పాపానికి ఆరుగురికి శక్తులొచ్చేశాయి. ఒకడి భుజం ఇనపదైపోయింది, వాడు నాయకుడు. ఒకడు కంటికి ఆననంత వేగంగా పరిగెత్తుతాడు. ఒకడు మాయమైపోతాడు. ఒకమ్మాయి చెయ్యి తగిలితే గాయాలు మానిపోతాయి. ఇంకో అమ్మాయి నీళ్ళ మీద పరిగెత్తుతుంది. ఆరో మనిషి ఒళ్ళంతా రాయైపోయిన ఆడది. తెలుగు మాటలు రాసినాయనకు ఆవిడ అసలు పేరు నోరు తిరగలేదు కాబోలు, బండమ్మ అని పెట్టి చేతులు దులిపేసుకున్నాడు.

ఈ వరసకు నిలకడ లేదు. మొదటి భాగం అదిరిపోయింది. రెండోది చూశాక, మొదటిది కూడా నిజంగా బాగుందా లేక మనమే పొరబడ్డామా అని జనానికి అనుమానమొచ్చింది. మూడోది మళ్ళీ లేచి నిలబడింది. నాలుగోది ఎంత ఘోరమంటే, పర్వాలేదుగారు కూడా కలం కిందపెట్టి చాలాసేపు ఆలోచించి 'ఇంటర్వెల్ పర్వాలేదు' అని రాశారు. ఇప్పుడు ఐదోది వస్తోంది.

దాంతో ఆయనకేమిటి సంబంధం అంటే, ఆయన భార్యది గొంతు పని. డబ్బింగు స్టూడియోలో గుంపు గొంతులు చెబుతుంది. సినిమాలో మేడ కూలితే "అయ్యో అయ్యో" అనేదీ, బస్సు బోల్తా పడితే "నా బ్యాగు, నా బ్యాగు" అనేదీ, ఆస్పత్రిలో "డాక్టరుగారు లోపలున్నారు" అనేదీ ఇలాంటివాళ్ళే. ఒక మైకు చుట్టూ నలుగురైదుగురు నిలబడి, తెర మీద పారిపోయే జనానికి ఏడుపులు సర్దుతారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆవిడ ఏడవని ఏడుపు లేదు. ఎన్ని నగరాలు మునిగినా అందులో ఆవిడ గొంతు ఉంటుంది. ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు.

ఇంట్లో ఆవిడ మాట మహా మెత్తన. పక్కగదిలోకి కూడా సరిగా వినపడదు. పర్వాలేదుగారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని ఆవిడ చెప్పే ప్రతిదానికీ "ఊఁ" అంటుంటారు. ఆ "ఊఁ"లో ఒప్పుకోలు, అనుమానం, సానుభూతి వేరువేరుగా పలుకుతాయని ఆయన నమ్మకం. అన్నీ ఒకటేనని ఆవిడ నమ్మకం.

ఒకరోజు పొద్దున్నే టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, "ఏమండీ, ఈసారి ఉల్కాదళంలో నాకు పెద్ద గొంతిచ్చారు" అంది.

"ఊఁ."

"ఆరుగురిలో ఒకరికి నేనే చెప్పాను. మొదట్నుంచి చివరిదాకా."

"ఊఁ... ఏంటీ?" పేపరు కిందికి దిగింది. "ఆరుగురిలోనా? ఎవరికి?"

"చెప్పను. విడుదలయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని స్టూడియోవాళ్ళు ఒట్టేయించుకున్నంత పని చేశారు. అయినా మీరే చూస్తారుగా, మీరే కనుక్కోండి."

"కట్టుకున్న పెళ్ళాం గొంతు నేను గుర్తుపట్టనా? నువ్వు దగ్గితే గుర్తుపడతాను."

"దగ్గు గురించి నాకేం బెంగ లేదు," అందావిడ. "మాట గురించే."

పర్వాలేదుగారు నవ్వేశారు. ఆవిడ నవ్వలేదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆవిడ అలా కూర్చుని మాట్లాడటం అరుదు.

"నా పేరెత్తకండి. నన్ను పొగడమనీ కాదు. విన్నది విన్నట్టు రాయండి చాలు. గుంపు గొంతు గురించి ఎవరు రాస్తారు? ఒక్కసారి ఎవరైనా విని, ఇలా ఉంది అని రాస్తే చదువుకోవాలని ఉంది. జనానికి నచ్చితే వచ్చే భాగాలకు కూడా నన్నే పెడతారట. నచ్చకపోతే మళ్ళీ బస్సు బోల్తాలే."

"నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నారు పర్వాలేదుగారు గుండె మీద చెయ్యేసుకుని. లోపల మాత్రం రాయి పడింది. పొగిడితే సొంత పెళ్ళాన్ని పొగిడాడంటారు. పొగడకపోతే ఈ ఇంట్లోనే కదా బతకాలి! ఆఫీసులో చెప్పేస్తే సమీక్ష పెద్ద సమీక్షకుడి చేతికి పోతుంది. ఆయన డబ్బింగు సినిమాకి ఇంటర్వెల్ దాకా కూడా కూర్చోడు. అందుకని ఎవరికీ చెప్పకుండా, తనే వెళ్ళి తనే విని నిష్పక్షపాతంగా తేల్చేద్దామని నిర్ణయించుకున్నారు. ఈ నిష్పక్షపాతమే ఆయన కొంప ముంచింది.

విడుదల రోజు మొదటాటకు వెళ్ళారు. వెళ్ళి చేసిన మొదటి పని కళ్ళు మూసుకోవడం. కళ్ళు తెరిస్తే బొమ్మ కనబడుతుంది, బొమ్మ కనబడితే గొంతు మీద దృష్టి నిలవదు అని ఆయన సిద్ధాంతం. తెర మీద దుష్టుడు నగరాన్ని దోసిట్లోకి తీసుకుని తలకిందులు చేస్తున్నాడు, జనం ఈలలు వేస్తున్నారు. ఈయన మాత్రం మెడ వాల్చి, చెవి అటు పెట్టి, ఆదివారం మధ్యాహ్నం పడక్కుర్చీలో ఉన్నట్టు ఉన్నారు.

పక్కసీట్లో పాప్‌కార్న్ డబ్బాతో ఉన్న కాలేజీ అమ్మాయి కాసేపు ఓర్చుకుంది. తర్వాత మోచేత్తో తట్టింది.

"అంకుల్, ఫైటొచ్చింది, లేవండి."

"నేను నిద్రపోవట్లేదమ్మా. వింటున్నాను."

"ఇదేమన్నా రేడియోనా అంకుల్?"

ఆయన మళ్ళీ కళ్ళు మూసుకున్నారు.

ఆడగొంతులు మూడే. నీళ్ళ మీద పరిగెత్తే అమ్మాయి అన్నీ ముక్కుతో మాట్లాడుతోంది. ఈవిడ కాదు, లెక్కలోంచి కొట్టేశారు. బండమ్మ ఇంకా పెద్దగా నోరు విప్పలేదు. ఇంతలో నాయకుడికి దెబ్బ తగిలింది. గాయాలు మాన్పే అమ్మాయి వాడి నుదుటి మీద చెయ్యేసి, "నీకేం కాదు. నేనున్నాను కదా" అంది.

పర్వాలేదుగారి ఒళ్ళు జలదరించింది. ఒకప్పుడు తనకు జ్వరమొచ్చి మూసిన కన్ను తెరవకుండా పడుంటే, ఆవిడ తడిగుడ్డ నుదుటి మీదేసి సరిగ్గా ఇదే మాట అంది. ఇదే మెత్తదనం. మూసిన రెప్పల కింద కళ్ళు చెమర్చాయి. "ఇదే! ఇదే!" అని పైకే అనేశారు. పాప్‌కార్న్ అమ్మాయి డబ్బా తీసుకుని రెండు సీట్లు అవతలికి జరిగిపోయింది.

ఇక ఆయన వెతకడం మానేశారు. ఆ అమ్మాయి ఎప్పుడు మాట్లాడుతుందా అని ఎదురుచూస్తూ, ముందు సీటు మీద కాళ్ళు పెట్టుకుని హాయిగా జారగిలబడ్డారు. సరిగ్గా అప్పుడు, దుష్టుడు పన్నిన వలలోకి నాయకుడు ఎవరి మాటా లెక్కచెయ్యకుండా దూసుకెళ్ళబోతుంటే, బండమ్మ అడ్డంగా నిలబడింది.

"ఆగు! ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఒక్కసారి... ఒక్కటంటే ఒక్కసారి నా మాట విను!"

పర్వాలేదుగారి కాళ్ళు సీటు మీంచి వాటంతటవే దిగిపోయాయి. కళ్ళు తెరుచుకున్నాయి. గుండె దడదడ కొట్టుకుంటోంది. ఎవరో తననే పట్టుకుని నిలదీసినట్టు అనిపించి ఆయనకు చిరాకేసింది. ఏం గొంతురా బాబూ, హాల్లో ముసలీ ముతకా ఉంటారన్న ఆలోచన కూడా లేదు అని సణుక్కున్నారు.

ఆఫీసుకొచ్చి రాయడానికి కూర్చుంటే కలం ఆగలేదు. సినిమా గురించి ముక్తసరిగా తేల్చేశారు. ఆరుగురికీ ఆరు ప్రవేశాలు, ఆరు గతాలు పోగా కథకు చోటు మిగల్లేదని, దుష్టుడు ప్రపంచాన్ని ఎందుకు నాశనం చేయాలనుకుంటున్నాడో వాడికే తెలియదని, అయినా నాలుగోదానికంటే వెయ్యి రెట్లు నయమని రాశారు. దృశ్యాల గురించి ఒక్క ముక్క లేదు. చూస్తే కదా! తర్వాత గొంతుల దగ్గరికొచ్చి తేనెపట్టు పిండేశారు. 'గాయాలు మాన్పే అమ్మాయికి గొంతిచ్చిన కళాకారిణి ఎవరో గానీ, తెర మీద గాయాలతో పాటు హాల్లో కూర్చున్నవాళ్ళ నొప్పులు కూడా తీసేశారు. ఇంత కాలం ఈ గొంతు ఎక్కడ దాక్కుంది?' ఇలా రెండు పేరాలు.

రాసి చదువుకుంటే ఆయనకే అనుమానమొచ్చింది. మరీ ఎక్కువైందేమో! రేపెవరైనా ఆరా తీసి, ఓహో, పెళ్ళానికి పట్టాభిషేకమా అంటే? తనకు మొహమాటం లేదని చూపించుకోవాలంటే ఎవరినో ఒకరిని ఏకిపారేయాలి. ఎవరిని? ఇంకా గుండెదడ పూర్తిగా తగ్గలేదు. బండమ్మ గుర్తొచ్చింది.

'బండమ్మకు పెట్టింది మనిషి గొంతు కాదు. ఇలాంటి గొంతు ఇంట్లో ఉంటే గోడలు బీటలిస్తాయి. ఏ యంత్రంలోంచి తీశారో అందులోనే తిరిగి పెట్టేస్తే లోకానికి మేలు.'

రాసేసి చేతులు దులుపుకుని ఇచ్చేశారు. డెస్కు ఇంచార్జి ఆయన కంటే బాగా చిన్నది, ఆయన్ని బాబాయ్‌గారూ అంటుంది. రెండుసార్లు చదివి తలెత్తింది.

"బాబాయ్‌గారూ, ఇందులో పర్వాలేదు ఎక్కడుంది? నాకు కనబడట్లేదు."

"లేదమ్మా."

"ఒంట్లో బాగానే ఉందా?"

"ఇంతకంటే బాగా ఎప్పుడూ లేదు," అన్నారాయన.

మర్నాడు పేపరొచ్చింది. పర్వాలేదుగారు కావాలనే దాన్ని వంటింటి గట్టు మీద, టీ గిన్నె పక్కన, సరిగ్గా ఆ పేజీ పైకి వచ్చేలా మడిచి పెట్టారు. అద్దం ముందు నిలబడి గీసిన గడ్డమే మళ్ళీ గీసుకుంటూ, ఆవిడ వచ్చి ఏమంటుందో, తను ఎంత బెట్టు చేసి ఎప్పుడు కరగాలో ఊహించుకుంటున్నారు. ఎంతసేపటికీ ఆవిడ రాలేదు. చివరికి తనే వెళ్ళారు.

ఆవిడ పేపరు చదివి, మడతపెట్టి, గట్టు తుడుస్తోంది.

"చదివావా?"

"చదివాను. ఆ పిల్ల ఎగిరి గంతేస్తుంది. మొన్న మొన్ననే చేరింది. ఇదే మొదటి సినిమా."

"ఏ పిల్ల?"

"గాయాలు మాన్పే అమ్మాయికి చెప్పిన పిల్ల."

పర్వాలేదుగారి మొహం మీద సబ్బు నురగ ఆరిపోసాగింది. "అయితే... ఆ నీళ్ళ మీద పరిగెత్తే..." అన్నారు ఆశగా.

"ఆవిడ నా పక్కన నిలబడి చెప్పింది. ముక్కుతో చెప్పమన్నారు, ముక్కుతోనే చెప్పింది."

"మరి నువ్వు..."

మిగిలింది ఎవరో చెప్పడానికి పెద్ద లెక్కలేం అక్కర్లేదు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. అదే మెత్తటి గొంతుతో, "విన్నది విన్నట్టు రాయమన్నాను, రాశారు. మీ తప్పేం లేదు. టీ చల్లారిపోతోంది, తాగండి" అంది. రెండు చెంపలూ వాయించినా ఇంతకంటే నయంగా ఉండేది.

ఆయన పరుగున ఆఫీసుకు పోయి డెస్కు ఇంచార్జి ముందు నిలబడ్డారు. "అమ్మాయ్, సవరణ వెయ్యాలి. బండమ్మ గొంతు గురించి రాసింది తప్పు."

"టొమాటో ధర తప్పు పడితే సవరణ వేస్తాం బాబాయ్‌గారూ. అభిప్రాయానికి సవరణేమిటి? నిన్న నచ్చలేదు, ఇవాళ నచ్చిందని వేస్తే జనం నవ్వరూ?"

"నవ్వితే నవ్వనీ."

ఆ అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసింది. ఒక చెంప మీద ఆరిపోయిన గడ్డం నురగ, తప్పుగా పెట్టుకున్న గుండీలు. "అసలు సంగతేమిటి? ఆ బండమ్మ మీకేమవుతుంది?"

ఆయన నేల చూపులు చూశారు. ఆ అమ్మాయికి వెలిగింది. "అయ్యబాబోయ్! బండమ్మ... పిన్నిగారా?" అని నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోలేక బల్ల మీద వాలిపోయింది. సాయంత్రానికి ఆఫీసంతా తెలిసిపోయింది. వాతావరణం పేజీకి వార్త పట్టుకొచ్చినతను "గోడలెలా ఉన్నాయండీ?" అని పరామర్శించి వెళ్ళాడు.

అవమానం ఆఫీసుతో ఆగలేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసే మరదలు ఫోన్ చేసింది.

"బావగారూ, కళ్ళకి జోడు నేనిచ్చాను. చెవులకి ఎవర్నడుగుతారు?"

"నువ్వు కూడా మొదలెట్టావా తల్లీ."

"లేకపోతే ఏంటండీ! నేను మొదటి మాటకే పట్టేశాను. బండమ్మ 'ఆగు' అనగానే, పక్కన మా ఆయన ఉన్నాడన్నది కూడా మర్చిపోయి చటుక్కున లేచి నిలబడ్డాను. చిన్నప్పుడు అక్క అలా అంటే మా వీధి మొత్తం ఆగేది."

"ఇంట్లో మీ అక్క ఒక్కనాడూ అలా మాట్లాడలేదు," అన్నారాయన. "ఒట్టు. ఒక్కనాడూ."

మరదలు "అక్కనే అడగండి బావగారూ" అని, కొత్త ఫ్రేములొచ్చాయంటూ మాట మార్చేసింది.

ఆయన అడగలేదు. అడిగే మొహమా అది! ఆవిడ రోజూలాగే స్టూడియోకి వెళ్ళొస్తోంది, మెత్తగా మాట్లాడుతోంది, టీ ఇస్తోంది. తను రాసిన మూడు వాక్యాల వల్ల ఆవిడ మళ్ళీ మైకు చుట్టూ నిలబడే గుంపులోకి పోతుందేమోనని ఆయనకు దిగులు పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఏ సినిమానీ పల్లెత్తు మాట అనని మనిషి, అన్న ఒక్కసారీ సొంత ఇంటి మీద అన్నాడు. తెలివంటే తనదే! సినిమాకెళ్ళి కళ్ళు మూసుకున్నవాడు, ఇంట్లో చెవులు మూసుకున్నవాడు, ఇంక సమీక్షకుడు కాక ఏమవుతాడు అని తనను తానే తిట్టుకున్నారు.

వారం తిరక్కుండానే బస్సులో పోతూ కిటికీలోంచి గోడ మీద కొత్త పోస్టరు చూశారు. నోరు బార్లా తెరిచిన బండమ్మ బొమ్మ. దాని మీద మనిషంత ఎర్రటి అక్షరాలు: 'మనిషి గొంతు కాదు!' దాని కింద: 'గోడలు బీటలిస్తాయి!' అడుగున ఆయన పత్రిక పేరు. యంత్రంలో తిరిగి పెట్టేయమన్న ముక్కను ప్రచారం వాళ్ళు శుభ్రంగా కత్తిరించేశారు. తిట్టు తలా తోకా పోయి పొగడ్తై గోడెక్కింది. బస్టాపులో ఇద్దరు ఆడపిల్లలు నడుం మీద చేతులేసుకుని ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నారు: "ఒక్కటంటే ఒక్కసారి నా మాట విను!"

పర్వాలేదుగారు దిగాల్సిన స్టాపు కంటే ముందే దిగి, ఆ పోస్టరు దగ్గర నిలబడి నవ్వారు. నవ్వు ఆగక కళ్ళు తుడుచుకున్నారు. ఇంటికెళ్ళేసరికి నడకలో కాస్త దర్జా కూడా వచ్చేసింది. ఎలాగైనా తన వాక్యమే కదా!

"పోస్టరు చూశావా? ఇంక నిన్ను కదిపేవాడు లేడు," అన్నారు గుమ్మంలోంచే.

"స్టూడియోవాళ్ళు ఖాయం చేశారండీ," అందావిడ. మంచం మీద పెట్టె తెరిచి ఉంది. అందులో చీరలు మడతపెట్టి సర్దుతోంది. "వచ్చే రెండు భాగాలకీ నేనే."

ఆయన దర్జా జారిపోయింది. "ఈ పెట్టెందుకు?"

"రెండింటికీ కలిపి ఒకేసారి రికార్డింగు. వేరే ఊళ్ళో, పెద్ద స్టూడియోలో. నెల పడుతుందో, రెణ్ణెల్లు పడుతుందో. రేపు ప్రయాణం."

"రేపా? నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్పానండీ. చెప్పిన ప్రతిసారీ ఊఁ అన్నారు. టికెట్టు తీసుకోనా అంటే కూడా ఊఁ అన్నారు."

ఆయన మంచం అంచున కూలబడ్డారు. కాదనడానికి ఏమీ లేదు. ఊఁ అనే ఉంటారు. "అయినా అంత మెల్లగా చెబితే ఎలా వినపడుతుంది?" అన్నారు చివరికి. "ఆ బండమ్మ గొంతుతో చెప్పుంటే వినేవాణ్ణి కదా!"

ఆవిడ చేతిలో చీర అలాగే పట్టుకుని ఆయన వైపు చూసింది.

"ఆ గొంతు నాదేనండీ. చిన్నప్పట్నుంచీ నాకున్నది అదే. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆ గొంతుతోనే మిమ్మల్ని పిలిచాను. మీరు ఉలిక్కిపడి చేతిలో గ్లాసు వదిలేశారు. 'కాస్త మెల్లగా మాట్లాడవోయ్, పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు' అన్నారు. సరేనని మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాను." చీర పెట్టెలో పెట్టింది. "సినిమాలో మీరు విన్నది నా మాట. ఇంట్లో మీరు వింటున్నదే డబ్బింగు."

ఆయనకు ఆ గ్లాసు గుర్తులేదు, ఆ మాట అన్నట్టూ గుర్తులేదు. అని ఉంటారు. సిగ్గేసింది. భయం కూడా వేసింది. ఎన్నో ఏళ్ళుగా గొంతు అతికిందా, పెదవులు కలిశాయా అని పరాయి సినిమాల డబ్బింగు చూస్తూ బతికిన మనిషి. ఇంత చక్కగా అతికిన డబ్బింగు పక్కనే నడుస్తుంటే ఒక్కరోజు కూడా అనుమానించలేదు.

"ఒక్కసారి," అన్నారు. "వెళ్ళే ముందు ఒక్కసారి ఆ గొంతుతో నన్ను పిలువు. పక్కింటివాళ్ళు ఏమనుకున్నా సరే. గ్లాసులు పగిలితే పగలనీ."

ఆవిడకు నవ్వొచ్చింది. వద్దన్నట్టు తలూపింది. ఆయన మళ్ళీ బతిమాలారు. అప్పుడు ఆవిడ పెట్టె మూసి, నిటారుగా నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఆయన ఈసారి కళ్ళు మూసుకోలేదు.

"ఏమండీ," అంది.

మెత్తగా, పక్కగదిలోకి కూడా వినపడనంత మెల్లగా. ఇద్దరూ విన్నారు. ఆవిడ మళ్ళీ గాలి పీల్చుకుని, మళ్ళీ ప్రయత్నించింది. మళ్ళీ అదే వచ్చింది.

"ఇంట్లో రావట్లేదండీ," అందావిడ, ఆ మెత్తటి గొంతుతోనే.